పంతులమ్మ కొలతలు

బొత్తాం నొక్కితే చాలట, ఒక్క బొత్తాం, అంతే, ఆ యాప్ అందరి ఫోన్లలోకి వెళ్ళిపోతుందట, తను ఇన్నేళ్ళుగా కుట్టిన బొత్తాలన్నీ ఒకచోట పోస్తే ఈ కొట్టు గుమ్మం మూసుకుపోతుంది, ఒక్కదానికైనా ఎవరైనా మెచ్చుకున్నారా, ఊడిపోతే మాత్రం పనిగట్టుకుని వచ్చి చూపించారు, అనుకుంటూ ఆమె బల్ల మీద పరిచిన బూడిదరంగు గుడ్డ మీద సుద్దతో గీత గీసింది, గీత వంకరపోయింది, అరచేత్తో దులిపేసి మళ్ళీ గీసింది, కిటికీ దగ్గర మిషను ముందు తోటికోడలు ఫోను చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది, సూది గుడ్డలో దిగి అలాగే ఆగిపోయి ఉంది, అక్కా, యాప్ స్టోరు వాళ్ళు ఒప్పుకున్నారక్కా, ఇక మనం విడుదల అని నొక్కడమే, అని పొద్దున్నుంచి చెప్పిందే చెబుతోంది, మనం అట, మనం, ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట దాని నోటికి, యాప్ దానిది, పేరు దానిది, పొగడ్తలు దానివి, మనం మాత్రం ఇద్దరం.

కంప్యూటరు చదివిన మనిషా అంటే అదీ కాదు, పదో తరగతి సగంలో వదిలేసి మిషను ఎక్కింది, కోడ్ రాయడం దానికీ రాదు, రాదని అదే గొప్పగా చెప్పుకుంటుంది, ఏదో సైటులో ఖాళీ డబ్బాలు ఇస్తారట, వాటిని వేలితో లాగి ఇక్కడో బొమ్మ అక్కడో బొత్తాం పెట్టుకోవడమేనట, గుడ్డ ముక్కలు పేర్చుకున్నట్టే అక్కా, అంది, చెవిలో వైరు పెట్టుకుని వీడియోలు వింటూ అంచులు మడిచేది, ఉన్నట్టుండి మిషను ఆపి ఓహో ఇదా సంగతి అనేది గోడతో, మొదట్లో చొక్కా అని నొక్కితే ప్యాంటు వచ్చేది, పేరు అడగాల్సిన చోట నడుము కొలత అడిగేది, ఒకరోజు చేసిందంతా చెరిగిపోయి వెనకగదిలో పేలికల సంచి మీద కూర్చుని ఏడ్చింది, అప్పుడు తను వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, పోనీలేమ్మా, మనకెందుకివన్నీ, అంది, ఎంత ప్రేమగా అంది, అంటుంటే లోపల ఎంత చల్లగా ఉంది, ఎండన పడి వచ్చాక మంచినీళ్ళు గొంతు దిగినట్టు, ఆ పూట కత్తెర ఎంత హాయిగా నడిచింది, కానీ మర్నాటికల్లా అది మొహం కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది, మొండిఘటం, చల్లదనమంతా ఆవిరైపోయింది.

ఇక మరిది సంగతి చెప్పనే అక్కర్లేదు, వదినా, రేపటి నుంచి నాకు టీ కావాలన్నా యాప్‌లో ఆర్డరు పెట్టాలేమో, మీ తోటికోడలుగారు కంపెనీ ఓనరు, నేను గేటు దగ్గర వాచ్‌మేన్ని, అని పగలబడి నవ్వుతాడు, ఆ నవ్వు నిండా పెళ్ళాం మీద గర్వమే, అలా గర్వపడే మనిషి తనకూ ఒకడుండేవాడు, గర్వపడ్డాడా, ఏమో, నోరు తెరిచి ఎప్పుడు చెప్పాడని, తను కత్తిరించిన కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగేవాడు, అదే గర్వమనుకోవాలి, ఆయన పోయాకే కదా తను అక్షరాలు నేర్చుకుంది, తల నెరిశాక, లైబ్రరీ వెనకగదిలో పెద్దవాళ్ళకు సాయంత్రం పూట చెప్పే తరగతిలో, పంతులమ్మ వేలు పట్టుకుని దిద్దించింది, పెన్సిలు పీక అలా పిసకకండమ్మా, చచ్చిపోతుంది, అని నవ్వించేది, బస్సు నుదుటి మీద రాసింది మొదటిసారి చదివిన రోజు ఒళ్ళు తేలిపోతూ ఇంటికొచ్చి చెబితే, అబ్బో వదినా, అన్నాడు మరిది, మంచిదక్కా, అంది ఇది, అంతే, ఆ వెంటనే బల్బు మాడిపోయిన సంగతి మాట్లాడుకున్నారు, అదే దీని యాప్ అయితే నెలల తరబడి ఇంట్లో అదే మాట, కూర్చుంటే అదే, లేస్తే అదే, పైగా యాప్ మొహాన కత్తెర బొమ్మ, ఎవరి కత్తెర, తనది, పిడి అరిగి బొటనవేలి దగ్గర పేలిక చుట్టుకున్న కత్తెర, అడిగిందా, మాటమాత్రమైనా అడిగిందా, ఫోటో తీసి అంటించేసుకుంది.

పడుతుందిలే, అనుకుని ఆమె సుద్ద కింద పెట్టింది, ఎక్కేవాళ్ళను ఎక్కనీ, పడటం కూడా చూద్దాం, ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు, నోట్లో బిళ్ళ చప్పరించినట్టు కొన్నాళ్ళుగా చప్పరిస్తోంది, అది యాప్‌ను పరీక్షకని తన ఫోన్లో పెట్టి, నువ్వు కస్టమరువనుకో అక్కా, ఊరికే అవీ ఇవీ నొక్కి చూడు, అంది, తన కొట్లో తనే కస్టమరు, సరేనని కూర్చుని ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ చదివింది, మీ బట్టలు ఎక్కడిదాకా వచ్చాయి అని ఒక బొత్తాం, కత్తిరించాం, కుట్టాం, ఇస్త్రీ అయింది అని వరసగా, బాగుంది, ఛీ, బాగుంది, ఎక్కడో ఒకచోట తప్పు ఉండకపోతుందా అని వెతికింది, పేలు చూసినట్టు చూసింది, నా కొలతలు అని నొక్కితే తన కొలతలు వచ్చాయి, పై మూలన వెనక్కి అని చిన్న బాణం ఉంది, అది నొక్కితే అందరూ వచ్చారు, అందరి పేర్లూ, అందరి కొలతలూ, బేకరీ ఆయన పొట్ట, నర్సు నడుము, బ్యాంకు మేనేజరుకు ఒక భుజం కిందికి, దాన్ని దాచడానికి కోటులో పెట్టే మెత్త, ఎవరు తెరిచినా ఊరందరి ఒళ్ళూ అక్కడే, దానికెందుకు తెలియలేదంటే అది ఎప్పుడూ దాని ఫోన్లోనే చూసుకుంటుంది, కొట్టు యజమానిగా, యజమానికి అందరి కొలతలూ కనబడటంలో వింతేముంది, ఇంకా కిందికి జరిపితే పంతులమ్మ పేరు, పక్కనే దీని రాత, ఆపరేషన్ తరవాతి కొలత, ఎడమవైపు లోపల జేబు, దూదిమెత్త పట్టేంత.

ఆ సంగతి ఈ కొట్టులో ఇద్దరికే తెలుసు, తెర వెనక పంతులమ్మ చొక్కా విప్పి గోడ వైపు తిరిగి నిలబడి, మీ ఇద్దరి దగ్గరే, అని ఆగిపోయింది, మాట పూర్తి చేయలేదు, తను టేపు చల్లగా తగలకుండా అరచేతుల మధ్య వెచ్చచేసి కొలిచింది, ఆ కొలత ఎక్కడా రాయలేదు, దీనికి చెవిలో చెప్పింది, ఇది మరిచిపోతానేమోనని రాసి పెట్టుకుంది, పాపం పని మీద శ్రద్ధే, శ్రద్ధే, కాదనడానికి లేదు, అప్పుడే చెప్పేయాలనుకుంది తను, నోరు తెరిచింది కూడా, ఎలా ఉందక్కా అని అది కళ్ళు ఇంతింత చేసుకుని అడిగింది, ఆ కళ్ళలో వెలుగు చూసి నోరు దానంతటదే వేరే మాట అనేసింది, బాగుందమ్మా, అంది, రేపు చెబుదాం అనుకుంది, ప్రతిరోజూ రేపే అయింది, ఈలోపు మనసులో ఎన్నిసార్లు చూసుకుందో, ఫోన్లు మోగడం, మేనేజరు మెట్లెక్కి వచ్చి అరవడం, మరిది నవ్వు ఆగిపోవడం, అది ఏడుస్తూ అక్కా, ఇప్పుడేం చెయ్యను, అని తన దగ్గరకు రావడం, అప్పుడు తను ఎంత నెమ్మదిగా, ఎంత పెద్దరికంగా, ఊరుకోమ్మా అంటుందో, ఆ ఊహలో పంతులమ్మ ఎప్పుడూ లేదు, ఆవిడను తను ఎప్పుడూ పక్కకు నెట్టేసింది, ఆవిడకు ఫోన్లవీ ఏం తెలుసు, ఆవిడ యాప్ తెరవదులే.

తలుపు తోసుకుని పంతులమ్మే వచ్చింది, గొడుగు మూలన పెడుతూ, ఏమమ్మా, నా కోటు అయిందా, లేక యాప్‌లో చూసుకోమంటారా, అని నవ్వింది, తోటికోడలు మిషను మీద నుంచి ఎగిరి దూకినంత పని చేసింది, మీ కోసమే చూస్తున్నానండీ, మీ చేత్తోనే బోణీ, విడుదల మీరే నొక్కాలి, నొక్కగానే అందరికీ కబురు వెళ్ళిపోతుంది, మీ ఫోన్లోనే మొదట పెడతాను, అంది, నేనా, కళ్ళజోడు లేకపోతే నా వేలు నాకే కనబడదు, ఎక్కడ నొక్కుతానో ఏమో, అంటూనే పంతులమ్మ సంచీలో కళ్ళజోడు కోసం తడుముకుంది, మొహంలో చిన్నపిల్ల సంబరం, ఇంతకీ మా శిష్యురాలు చదివిందా దీన్ని, అంది, మొత్తం చదివిందండీ, ఒక్క పేజీ వదలకుండా, బాగుందంది, అక్క బాగుందన్నాకే స్టోరుకు పంపాను, అంది అది, పంతులమ్మ ఇటు తిరిగి, మీరు చదివారంటే ఇక నాకు భయం లేదు, అంది, ఆ మాట వచ్చి గుండెలో సూదిలా గుచ్చుకుంది, తన చదువు పూచీ మీద ఆవిడ తన చేత్తో తనే తెర తీసేయబోతోంది, గోడ వైపు తిరిగి నిలబడ్డ ఆ వీపు, వెన్నుపూసలు, మీ ఇద్దరి దగ్గరే, పోనీ తరవాత చెప్పొచ్చు, నొక్కాక చెప్పొచ్చు, నొక్కాక ఎవరో ఒకరు చూస్తే, ఎవరో ఒకరేమిటి, అందరూ చూస్తారు, తను వెతికినట్టే వెతుకుతారు, కళ్ళజోడు దొరికింది, పంతులమ్మ వేలు చాచింది, ఆగండి, అని ఎవరో అరిచారు, చూస్తే తన గొంతే, సుద్ద అంటిన తన అరచెయ్యి ఫోను మీద ఉంది.

ఒక్క నిమిషం కూర్చోండమ్మా, నువ్విలా రా, అని తోటికోడల్ని వెనకగదిలోకి లాక్కెళ్ళింది, ఏంటక్కా, మంచి పని మధ్యలో, అని అది విసుక్కుంది, నీ ఫోన్లో కాదు, నా ఫోన్లో చూడు, అని బాణం నొక్కి చూపించింది, అది చూసింది, కిందికి జరిపింది, పంతులమ్మ పేరు దగ్గర వేలు ఆగిపోయింది, అమ్మో, అంది, తరవాత, ఎప్పుడు చూశావు, అంది, నువ్వు పెట్టిన రోజే, మరి చెప్పలేదేం, ఎన్ని అబద్ధాలు వరసలో నిలబడ్డాయో నాలుక చివర, అర్థం కాలేదని, మరిచిపోయానని, నీకు తెలుసనుకున్నానని, ఒక్కటీ బయటికి రాలేదు, కుళ్ళు, అంది తను, కుళ్ళుతో చెప్పలేదు.

కొడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, అది గోడకు ఆనుకుని నవ్వింది, అదేం నవ్వో, కళ్ళలో నీళ్ళతో నవ్వు, నీకొక్కదానికేనా ఉండేది కుళ్ళు, అంది, నేను కాపురానికొచ్చిన నాటి నుంచి వింటున్నాను, పెద్దమ్మ కత్తిరిస్తేనే వేసుకుంటాం, పెద్దమ్మ చెయ్యే చెయ్యి, కుట్టిన మనిషిని పక్కనే పెట్టుకుని నీ కత్తెరను పొగిడిపోతారు, కుట్టు ఎవరిదమ్మా అని ఒక్కరడిగారా, నాదంటూ ఒకటుండాలనే కదా ఇదంతా, తీరా చేస్తే దాని మీదా నీ కత్తెరే పెట్టాల్సి వచ్చింది, అది చూస్తే గానీ మన కొట్టని జనం గుర్తుపట్టరు, మనసొప్పి పెట్టాననుకున్నావా, అంది, బయటి నుంచి పంతులమ్మ, ఏమమ్మా, నా బోణీ ఉందా, ఇంటికి పొమ్మంటారా, అని కేకేసింది, కూర్చోండి, చిన్న కుట్టు వదిలింది, వేసేసి వస్తాను, అని ఇది మామూలు గొంతుతో బదులిచ్చింది, సంచి మీద కూర్చుని ఎక్కడెక్కడో నొక్కింది, ఎవరు చూడవచ్చు అన్న చోట అందరూ అని ఉంది, దాన్ని తీసి ఎవరిది వాళ్ళే అని పెట్టింది, నీ ఫోన్లో చూడు, అంది మొహం చూడకుండా, బాణం నొక్కితే తన కొలతలు తప్ప ఇంకేమీ లేవు, సరిపోయింది, అంది తను, నాతో ఇవాళ మాట్లాడకు, అంది అది, లేచి ముక్కు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

ముందుగదిలో పంతులమ్మ నొక్కినట్టుంది, నవ్వులు వినబడ్డాయి, ఆమె అక్కడికి పోలేకపోయింది, గోడవార కమ్మీకి వేలాడుతున్న బట్టల మధ్య నిలబడిపోయింది, ఊరికే నిలబడలేక ఒక కోటు అంచు తిప్పి చూసింది, తను కత్తిరించిందే, లోపలి కుట్టు వెంట వేలు నడిపించింది, ఇంకో చొక్కా, ఇంకో గౌను, పొగడ్తలు తనకొచ్చిన ప్రతి బట్టనూ తిరగేసి చూస్తోంది, ఎవరూ చూడని లోపలివైపు కూడా కుట్టు గీత గీసినట్టుంది, వీటిలో ఒక్కదాన్ని అది వదులుగా కుట్టి ఉంటే చాలు, చంకలో ఒక్క కుట్టు తప్పించి ఉంటే చాలు, పెద్దమ్మ చెయ్యి పోయిందని జనం అనుకునేవాళ్ళు, ఎవరికీ తెలిసేది కాదు, తనకు కూడా, అన్నేళ్ళు చేతికందేంత దూరంలో కూర్చుని అదీ తనలాగే లోపల కాలుతూనే ఉంది, తన కుళ్ళు వచ్చీ రాగానే నోరు కుట్టేసింది, దాని కుళ్ళు మాత్రం తను కత్తిరించిన ఒక్క ముక్కలోనైనా ఒక్క కుట్టు వంకర పోనివ్వలేదు.