ఒకటో దెబ్బ

నేను ఒక పేము బెత్తాన్ని. బెత్తం అనగానే మీ చెయ్యి గభాలున వెనక్కి పోయిందని నాకు తెలుసు. మీ బడుల్లో నా జాతివాళ్ళు చేసిన నిర్వాకం అలాంటిది. కంగారు పడకండి, నేను ఏ పిల్లవాడి అరచేతినీ ఎరగను. నేను పుట్టింది ఫిలిప్పీన్స్‌లో. అక్కడి కర్రసాములో బెత్తం ఎత్తేది శిష్యుడు, తల చూపించేది గురువు! వింటున్న మీకెంత ఆశ్చర్యంగా ఉందో, చూసిన నాకు అంతకు రెట్టింపు అయింది.

దవావో ఊరికి ఎగువన కొండ అడవిలో, ముళ్ళతీగగా చెట్లకి అల్లుకుని హాయిగా బతికేదాన్ని. ఆంబో అనే పెద్దాయన వచ్చి కోసుకుపోయాడు. ముళ్ళు చెక్కాడు, కణుపులు గీకాడు, నీడన ఆరబెట్టాడు. అక్కడితో అయిపోయిందనుకుంటే నిప్పుల సెగ మీద పెట్టి తిప్పడం మొదలెట్టాడు. నోరు లేదు గాని, ఉంటే కెవ్వుమని అరిచేదాన్ని. ఆ సెగకి గట్టిపడతానని, అంత తేలిగ్గా చీలనని తరవాత తెలిసింది. మనుషులు మంచి చేసేటప్పుడు కూడా ముందు ఒక మాట చెప్పరు.

ఆయన ఇంటి మేడగదిలో తనూజ అనే అమ్మాయి అద్దెకుండేది. డాక్టరు చదువు కోసం తుని నుంచి వచ్చింది. పెరట్లో సాయంత్రమయ్యేసరికి టకటకమని కర్రలు మోగుతుంటే పుస్తకం ముందు కూర్చోలేక కిందికి దిగి వచ్చి చేరింది. ఆమె చంక నుంచి అరచేతి దాకా కొలిచి నన్ను ఆ కొలతకి కోశారు. నాకు తెలుగు నేర్పింది ఆ పిల్లే. అందుచేత ఆ దీవులవాళ్ళు తుని యాసలో మాట్లాడుతున్నట్టు వినిపిస్తే ఆ తప్పు నాది కాదు.

ఆ కర్రసాములో ఊరికో పద్ధతి. దూరంగా ఉండి కొట్టేవాళ్ళు కొందరు, ఊపిరి తగిలేంత దగ్గరికొచ్చి కొట్టేవాళ్ళు కొందరు. ఆంబోది దగ్గర పద్ధతి. ఎవరి పద్ధతి వాళ్ళకి విద్య, పక్కవాడిది గెంతులు. దెబ్బలకి మాత్రం పేర్లుండవు, అంకెలే. ఒకటో దెబ్బ ఎడమ కణతకి.

మొదటిరోజు తనూజ నన్ను నుదుటికి ఆనించుకుని గురువుకి వంగి దండం పెట్టింది. ఆయనా అలాగే పెట్టాడు. తరవాత తన కణత వేలితో చూపించి, "ఇక్కడ కొట్టు ఇందాయ్" అన్నాడు. అక్కడ ఆడపిల్లని ముద్దుగా అలా పిలుస్తారు. గురువుని కొట్టడమా! తనూజ కళ్ళు మూసుకుని నన్ను జానెడు పక్కకి విసిరింది.

"గాలేటి పాపం చేసిందమ్మా, దాన్ని బాదుతున్నావు?" అన్నాడు ఆంబో.

"మీకు తగిలితేనో, లోలో?" లోలో అంటే తాత.

"తగిలితే నా తప్పు. పక్కకి కొడితే నీ తప్పు. తలకి గురిపెట్టి కొడితేనే నాకు మర్యాద. పక్కకి కొట్టేవంటే నాకు అబద్ధం నేర్పుతున్నట్టు."

ఆ పెరట్లో చట్టం అదొక్కటే. దాన్ని అందరికంటే గట్టిగా కాపలా కాసేది ఆయన కూతురు పెర్లా. ఎవరైనా వేలెడు పక్కకి కొట్టారో, వాళ్ళ పని అయిందే. తనూజ కూడా నిజంగా కొట్టడం నేర్చుకుంది, ఆయన నవ్వుతూ ఆపేవాడు.

తరవాత తనూజకి ఆసుపత్రి డ్యూటీలు పడ్డాయి, ఏళ్ళ తరబడి పెరట్లోకి దిగే తీరికే లేకపోయింది. నేను గోడకి ఆనుకుని పడుంటే, కావలసినవాళ్ళు తీసుకుని ఆడేవారు. ఒక సాయంత్రం పెర్లా నన్ను అందుకుంది. ఇక చూడండి నా మొహం! ఒకటో దెబ్బని పెర్లా మెల్లగా, వంపు తిప్పి, తండ్రి కళ్ళకి ఎదురుగా పట్టుకొచ్చింది. ఆయన దర్జాగా ఆపాడు. పొరపాటేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. మిగతా శిష్యులు నన్ను పట్టుకున్నా అంతే. పెరడు మొత్తం కూడబలుక్కుని అబద్ధం కొడుతోంది!

ఆ సంగతి బయటపడటానికి ఎల్మెర్ రావలసి వచ్చింది. దూరం పద్ధతిలో ఆరితేరినవాడు. చేతులు కట్టుకుని నిలబడి, "ఊరి పండగలో మీతో ఒక ఆట ఆడనివ్వండి. పాతకాలంలోలాగే, తలకి ఏ రక్షణా లేకుండా" అన్నాడు. ఆంబో పొంగిపోయి సరేనన్నాడు. పాపం ఎల్మెర్ మర్యాదస్తుడు. ఆయన మీద ఎంత గౌరవం ఉంటే అంత నిజంగా కొడతాడు. ఇన్నాళ్ళూ అబద్ధపు దెబ్బలే ఆపినాయన దాన్నెలా ఆపుతాడు?

పండగ ముందురోజు సెలవుకి ఇంట్లోనే ఉన్న తనూజ పెరట్లో వాళ్ళ సాధన చూసి పెర్లాని పక్కకి లాగింది. "అక్కా, అందరూ ఎందుకలా కొడుతున్నారు?"

పెర్లా తల దించుకుంది. "నాన్నకి ఎడం పక్క సూపు పోయింది. ఆయనికే తెలీదు. ఈ పెరట్లో ఓడిపోతే ఇంక మంచం దిగడే, ఎలా చెప్పమంటావు?"

"రేపు ఎల్మెర్ కొడితే మంచం ఎక్కే పని కూడా ఉండదు. తలే పగిలిపోద్ది" అంది తనూజ.

పెర్లా ఏడ్చిందే గాని చెప్పలేకపోయింది. తనూజే వెళ్ళి చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు. "నిన్న కూడా పెర్లా ఒకటో దెబ్బ ఆపేనమ్మా. సదువు ఎక్కువైపోయింది నీకు. కావాలంటే రా, కొట్టు."

తనూజ నన్ను తీసింది. వద్దే తల్లీ అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. నుదుటికి ఆనించుకుని దండం పెట్టి, ఉన్న బలమంతా పెట్టి నిజంగా కొట్టింది. దూసుకుపోయి, ఆయన కణత మీది తెల్లవెంట్రుకలు తగిలాక ఆగాను. ఎలా ఆపగలిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆంబో కర్ర ఎత్తలేదు. రెప్ప వెయ్యలేదు. నవ్వుతూ ఎదురు చూస్తున్నాడు.

"ఏటమ్మా, ఇంకా కొట్టవేం?"

పెర్లా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకి ఆయన నవ్వు ఆగిపోయింది. ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి తడుముకున్నాడు. వేళ్ళకి నేను తగిలాను. ఉలిక్కిపడ్డాడు.

"ఇది ఎంతసేపట్నించి ఇక్కడుంది?"

"రెండేళ్ళ నించి, నాన్నా" అంది పెర్లా.

ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. నన్ను అలాగే కణతకి పట్టుకుని నిలబడిపోయాడు. తరవాత తనూజ చేతిలోంచి నన్ను తీసుకుని కూతురి వైపు తిరిగాడు. "రేపు ఎల్మెర్ ముందు నువ్వు నిలబడు. ముందు నా ముందు నిలబడు. తల సూపించు."

పెర్లా కర్ర పట్టుకుని నిలబడింది. ఆయన కొట్టాడు. కొట్టడానికి ఎడమ పక్క చూపు అక్కర్లేదుగా! ఆ ముసలి చేతిలో అంత పిడుగు దాగి ఉందని ఇన్నేళ్ళుగా చూస్తున్న నేనే ఎరగను. పెర్లా ఆఖరి క్షణంలో కర్ర అడ్డం పెట్టింది. ఆ దెబ్బకి నేను కొస నుంచి సగం దాకా చీలిపోయాను.

"నాన్నా, తల పగిలేది!"

"పగిలేదే. నేను నీకెప్పుడూ అబద్ధం కొట్టలేదమ్మా" అన్నాడు ఆంబో.

నన్ను కింద పెట్టి ఇంకో కర్ర అందుకున్నాడు. పెర్లా కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తల చూపించింది.