రెండో గాడి

మగ్గం మీద చీర అంచు డిజైను పడేందుకు వాడే జాకార్డు అట్టలకు బొక్కలు కొట్టడంలో, నగరి ఊళ్ళో ఏకాంబరాన్ని మించినవాడు లేడు. అది పాత మాట. జయరావు మగ్గాల షెడ్డులోకి కంప్యూటర్ దిగిన రోజునే, అట్టలు కొట్టే ఏకాంబరం మిషన్ పాత ఇనుము కింద పోయింది. "నేర్సుకుంటే ఉండు ఏకాంబరం, లేదంటే నీ ఇష్టం," అన్నాడు సావుకారు జయరావు. యాభై రెండేళ్ళ మనిషి మౌసు పట్టుకుని చెమటలు కక్కి, మొత్తానికి నేర్చుకున్నాడు. చీర అంచు డిజైను తెర మీద గీసి ఫ్లాపీలో పంపిస్తే, కంచిలో మిషనే అట్టలు కొట్టి పంపేది. ఇప్పుడు ఆ ఫ్లాపీలే అతనికి అన్నం పెడుతున్నాయి.

మూడేళ్ళకు కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు చచ్చిపోయింది. తిరుపతి నుంచి కొత్త రకం బోర్డు వచ్చింది. తెర మీద బొమ్మ చూపించే పాత గ్రాఫిక్స్ కార్డు మాత్రం అందులో దిగనంది. కార్డు అంచుకు ఒకచోట గాడి ఉంది, బోర్డు మీది స్లాట్‌లో అడ్డు ఇంకోచోట ఉంది. ఏకాంబరం తిప్పి చూశాడు, వంచి చూశాడు, దండం పెట్టి చూశాడు. నాలుగింటికి సావుకారు వ్యాపారిని వెంటబెట్టుకొస్తాడు, కొత్త అంచు తెర మీద చూపించాలి. కుదరలేదంటే 'నీ చేత కాదని అప్పుడే అనుకున్నా' అంటాడు. మళ్ళీ అట్టల పనికి పోదామన్నా మిషన్ లేదు.

ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తి, బోర్డు అమ్మిన షాపులో మెకానిక్ యువరాజ్‌కు ఫోన్ చేశాడు.

"పాత కార్డు పెడితే కొత్త బోర్డుకేమన్నా అవతాదా అప్పా?"

"కార్డుకు గాడులు రెండుండాయా సూడన్నా. రెండుంటే ఏ బోర్డుకైనా పనికొస్తాది. భయం లేదు, పెట్టుకో."

ఏకాంబరానికి ప్రాణం లేచొచ్చింది. రెండుంటే చాలట! కార్డంటే ముప్పై ఏళ్ళుగా అతనికి తెలిసింది జాకార్డు అట్టే, ఎక్కడ కావాలంటే అక్కడ బొక్క కొట్టుకునేది. స్లాట్‌లో అడ్డు వచ్చే చోట రంపం బ్లేడుతో రెండో గాడి కోసి, ఆకురాయితో నున్నగా అరగదీసి, పొట్టు ఊదేశాడు. కార్డు టక్కున దిగింది. స్విచ్ వేశాడు.

తెర వెలగలేదు. కొత్త బోర్డు నుంచి కాలిన వాసన వచ్చింది.

గాడి అనేది ఆ కార్డు ఎంత వోల్టేజీ మీద నడుస్తుందో చెప్పే గుర్తు. కోసుకుంటే వచ్చే గుణం కాదు. ఆ సంగతి ఏకాంబరానికి ఎవరు చెప్పారు గనక!

సావుకారు వ్యాపారితో రాగానే నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. ఈలోపే ఆయన వెలగని తెర చూసి, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, "పనికిరాని బోర్డు అంటగట్టినారే!" అని తిరుపతి షాపు మీద విరుచుకుపడ్డాడు. తెరిచిన నోరు ఏకాంబరం మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే యువరాజ్ ఇంకో బోర్డుతో బస్సు దిగాడు. ఇద్దరు బిడ్డల తండ్రి, ముఖం పీక్కుపోయి ఉంది.

"బోర్డు నేను సరిగ్గా సూడకుండా పంపినానంట. ఇదీ కాలితే పనిలోకి రావద్దన్నాడు మా ఓనరు," అన్నాడు. కార్డు తిరగేసి చూశాడు. "రెండు గాడులుండాయి. కార్డుది తప్పు లేదు."

అదే కార్డును కొత్త బోర్డులో దించాడు. జయరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెబితే తాను ఇంటికి, చెప్పకుంటే యువరాజ్ ఇంటికి. ఏకాంబరం వెనక్కి జరిగి గోడకు తగిలాడు. యువరాజ్ వేలు స్విచ్ మీదికి పోయింది.

ఏకాంబరం వంగి ప్లగ్గు పీకేశాడు.

"ఆ రెండో గాడి నేను కోసింది."

షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. యువరాజ్ కార్డు బయటికి తీసి, ఆ గాడి మీద బొటనవేలు ఆడించాడు. కోప్పడాల్సినవాడు నోరు తెరిచేశాడు.

"కంపెనీ కోతే అనుకున్నానన్నా!"

మిషన్ పాత ఇనుముకు పోయాక, ఏకాంబరం చేతిపనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. జయరావు గుమ్మం వైపు చూశాడు. ఏకాంబరం జేబులోని కొత్త అంచు ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వెతుక్కున్నాడు.