భూదేవి సెలవు

మా ఒడిశాలో భూదేవికి చేసే రజ పండుగ మొదటిరోజు పొద్దున్నే నేను పెరట్లో మా అమ్మాయి లిపి బట్టలు ఉతుకుతుంటే అత్తగారు కొత్త చీర కట్టుకుని, బుగ్గన కిళ్ళీతో గుమ్మంలోకి వచ్చారు.

"మూడు రోజులు భూదేవి బయట ఉంటుంది, ఆడవాళ్ళు పని ముట్టకూడదని తెలీదూ?"

"మరి ఇవెవరు ఉతుకుతారు అత్తయ్యా?"

"అది వేరులే," అని ఆవిడ పేకాటకి వెళ్ళిపోయారు.

లిపికి పద్నాలుగేళ్ళు. తెలివి నాలుగేళ్ళ పిల్లది, మాటలు పది కూడా రావు. ఎనిమిది నెలల క్రితం పెద్దమనిషైంది. ప్యాడ్ పెడితే ఎక్కడుంటే అక్కడే పీకి పారేస్తుంది. ఆ రోజుల్లో నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెడితే "మళ్ళీనా మేడం?" అంటాడు హెడ్మాస్టరు. మా ఆయన ప్రదోష్ అయితే ఆ ఛాయలకే రారు. అలాంటి మనిషి పోయిన వారం డాక్టరుతో మాట్లాడి వచ్చారు. "దానికి గర్భసంచి తీసేస్తారట. పండగ వెళ్ళగానే సోమవారం. నువ్వో సంతకం పెడితే చాలు. నీ కష్టం చూడలేకే!" నా కష్టాన్ని ఆయన ఎప్పుడు చూశారో నాకు గుర్తులేదు. అబద్ధమెందుకు, ఆ మాటకి నాకూ ప్రాణం లేచొచ్చింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆయన తెచ్చిన ఆ ఆపరేషన్ కాగితాన్ని బీరువాలోంచి రెండుసార్లు తీసి చూశాను. ఒకసారి పెన్ను కూడా పట్టుకున్నాను.

మధ్యాహ్నం వాకిట్లో మామిడి కొమ్మకి ఉయ్యాల కట్టారు. లిపికి పారాణి పెట్టి, పసుపు గౌను తొడిగి ఎక్కించాను. అది నవ్వేది ఉయ్యాల మీదే. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ప్యాడ్ ఎప్పుడు పీకేసిందో, గౌను వెనక మరక కనబడింది. పాట ఆగిపోయింది.

"దింపు, దింపు! నలుగురిలో పరువు తీస్తోంది. లోపలేసి తలుపెయ్!" అత్తగారు అరిచారు.

ప్రదోష్ వచ్చి తాడు పట్టి ఆపేశారు. "చూశావా? ఇందుకే చెప్పేది." ఉయ్యాల ఆగేసరికి లిపి గుక్కపట్టి ఏడ్చింది.

ఈ మూడు రోజులు వట్టికాళ్ళతో తొక్కితే నేల నొచ్చుకుంటుందని అత్తగారు వాకిట్లోకి కూడా చెప్పులతోనే వచ్చారు. నాలుగోరోజు సన్నికల్లుకి పసుపు రాసి, భూదేవి అని స్నానం చేయిస్తారు. ఆ ఇంట్లోనే నా కూతురికి కత్తి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తాడు వదలండి. నేను సంతకం పెట్టను."

"ఏంటీ?"

"ఈ మూడు రోజులూ నాకూ సెలవే. పెరట్లో బకెట్ ఉంది. దాని బట్టలు మీరు ఉతకండి."

"నేనా? మగాణ్ణి..."

"మగాళ్ళు పని చేయకూడదని భూదేవి చెప్పలేదుగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తాడు వదిలేశారు. నాలుగోరోజు నుంచి ఆ బకెట్ మళ్ళీ నాదే, తెలుసు. ఎటూ పోలేను. అయినా ఉయ్యాల మీద లిపిని జరిపి పక్కన కూర్చున్నాను. నా కొత్త చీరకీ మరక అంటింది.

"ఇదీ ఉతకాలి," అన్నాను ఆయనతో. "ముందు ఊపండి."