సిస్టంలో పడిన వాన

జీవితకు వచ్చిన ఫెలోషిప్ పేరు ఒక్క ఊపిరిలో పలికేది కాదు: విజ్ఞాన విధాన, ప్రజావిశ్వాస అనుసంధాన పరిశోధనా ఫెలోషిప్. నందికొట్కూరు చర్చిలో వాళ్ళమ్మ ఓబులమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచి, ఆ పేరును రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. చివరికి "నమ్మకం కొలిచే ఉద్యోగం" అని ముగించి కూర్చుంది.

"మేం నలభై ఏండ్లుగా ఆ పని మీదనే ఉండాం. ఇంకా కొలత దొరకలే" అన్నాడు పాస్టరు నవ్వుతూ.

జీవిత వాతావరణ శాస్త్రంలో డాక్టరేట్ చేసింది. ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ హైదరాబాదులో ఒక అద్దాల భవనంలో ఉంది. దాని డైరెక్టరు సోమశేఖర్ పుట్టింది కడప జిల్లాలో. ఆ సంగతి ఆయనకు వేదికలెక్కినప్పుడే గుర్తొచ్చేది.

"రైతుల ఫోన్లకు రోజూ వాన సమాచారం వెళ్తోంది. అయినా దాన్ని బట్టి ఎవరూ విత్తనం వెయ్యడం లేదు" అన్నాడాయన మొదటి రోజే. "ఎందుకు నమ్మరో కనుక్కో. కారణం అవగాహనా లోపం."

"కారణం తెలిసిపోయాక నేను కనుక్కునేదేముంది సార్?"

"వివరాలు."

వివరాల కోసం జీవిత ఆలూరు దగ్గరి ఎర్రబురుజుపల్లెకు వెళ్ళింది. చేతిలో ఫారాలున్నాయి. వాతావరణ సమాచారం మీద నమ్మకం ఎంతో రైతులు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలి. మొదట దొరికినవాడు మద్దయ్య. పత్తి చేనులో గుంటక ఆపి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ప్రశ్న మొత్తం వినకముందే ఐదు మార్కులు ఇచ్చేశాడు.

"అంత నమ్మకమా పెద్దాయనా?"

"ఇంత ఎండలో వచ్చినావు. తక్కువిస్తే బాగుండదు."

"అయితే మెసేజ్ చూసే విత్తనమేశావా?"

"లేదు."

"ఐదు ఇచ్చినావు కదా."

"నువ్వడిగింది నమ్మకం గదా తల్లీ. నమ్మకమైతే ఎంతైనా ఇస్తాం. విత్తనం ఒకసారే ఏస్తాం."

జీవిత ఫారంలో ఐదు రాసుకుంది. మిగతా మాటలకు అందులో చోటు లేదు.

ఊళ్ళో చాలామంది ఆమె మొహం చూసి నాలుగో ఐదో ఇచ్చారు. ఉరుకుందమ్మ మాత్రం ఇవ్వలేదు. అరవై దాటిన మనిషి, మూడెకరాల మెట్టలో కంది, జొన్న సొంతంగా సేద్యం చేసుకుంటోంది.

"సున్నా రాసుకో" అంది.

"సున్నా లేదవ్వా. ఒకటి నుంచే మొదలు."

"ఒకటి కూడా ఎందుకియ్యాల? రా, నీకొకటి చూపిస్తా."

బడి వెనక కంచె లోపల వర్షమాపకం ఉంది. ఇనుప స్తంభం మీద గరాటు, పక్కన సోలార్ పలక. కంచె ఒక వైపు పడిపోయింది. తీగ తెగి వేలాడుతోంది. గరాటు నిండా పిచ్చుక గూడు.

"రెండేండ్లాయె ఇట్ల" అంది ఉరుకుందమ్మ. "పోయినేడు ఆరుద్ర కార్తెలో ఫోనుకు మెసేజొచ్చె, బడి పిల్లోడు సదివి చెప్పె. నిన్న మీ ఊర్లో నలభై రెండు మిల్లీమీటర్ల వాన పడింది, విత్తనం ఏసుకోవచ్చని. ఊర్లో ఒక్క చినుకు రాల్లే. ఆ నంబరుకే ఫోన్ చేసి పడలేదు తల్లీ అని చెప్పినా. సిస్టంలో పడిందమ్మా అనింది ఫోనెత్తిన పిల్ల."

"మరి నువ్వు విత్తనమేశావా?"

ముసలామె వేలాడే తీగను కంచెకు చుట్టింది. తర్వాత చెప్పింది. "ఏసినా. సదువుకున్నోళ్ళు చెప్తాండారు, మనకు కానరాని వాన ఏదన్నా ఉంటాదేమో అనుకున్యా. సిస్టంలో పడిన వానకు కంది మొలవలే."

జీవితకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఫోన్లో గరాటును, గూడును ఫొటో తీసుకుంది. ఆ రోజు కూడా వెబ్‌సైటులో ఎర్రబురుజుపల్లె వాన లెక్క దశాంశంతో సహా ఉంది.

మర్నాడు కర్నూలులో ఆ లెక్కలు చూసే ఆఫీసుకు వెళ్ళింది. గోపీ అనే ఉద్యోగి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఓపికగా చెప్పాడు. ఒక కేంద్రం నుంచి సమాచారం ఆగిపోతే చుట్టుపక్కల మూడు కేంద్రాల సగటును కంప్యూటరు తీసుకుంటుంది.

"ఆ మూడూ పనిచేస్తున్నాయా?"

గోపీ చూశాడు. ఒకటి పనిచేస్తోంది. మిగతా రెండూ ఏడాదిగా చెడిపోయి ఉన్నాయి.

"వాటికి లెక్క ఎక్కడి నుంచి వస్తోంది?"

"చుట్టుపక్కల కేంద్రాల నుంచి మేడం." ఆయన స్క్రీన్ కిందికి జరిపాడు. "అందులో ఎర్రబురుజుపల్లె కూడా ఉంది."

చదవని ముగ్గురు పిల్లలు పరీక్షలో ఒకరి పేపరు చూసి ఒకరు రాసుకుంటున్నట్టుంది. గోపీ ముఖంలో మాత్రం కొంచెం గర్వమే కనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్క రోజు గడి కూడా ఖాళీగా లేదన్నాడు.

జీవిత ఇదంతా నివేదికలో రాసింది. సోమశేఖర్ ఆ నాలుగు పేజీలూ కొట్టేశాడు.

"నీ ఫెలోషిప్ వానల మీద కాదు జీవితా, నమ్మకం మీద. పరికరాల మరమ్మతు మన పరిధిలోకి రాదు."

ఆయన పరిధిలోకి వచ్చినది విశ్వాస రథం. నవ్వే మేఘం బొమ్మ కట్టిన వ్యాను. అది ఊరూరా తిరిగి శాస్త్రాన్ని నమ్మమని పాటలు వినిపిస్తుంది. దానికి ఆమోదం కోసం కర్నూలులో ఒక పెద్ద హోటల్లో సదస్సు పెట్టాడు. నిధులిచ్చే సంస్థ తరఫున ఢిల్లీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. సమాజ ప్రతినిధిగా ఉరుకుందమ్మను కారులో తీసుకొచ్చి, శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టారు. ఏసీ చలికి ఆమె ఆ శాలువాను బాగానే వాడుకుంది.

కడప మట్టిలో పుట్టినవాణ్నని మొదలుపెట్టి సోమశేఖర్ ముప్పావు గంట మాట్లాడాడు. తర్వాత ఉరుకుందమ్మకు మైకు ఇచ్చాడు. "అమ్మా, మీరు మమ్మల్ని నమ్మాలంటే మేమేం చెయ్యాలి?"

"నమ్మకానికేముందప్పా, మీరంతా మంచోళ్ళ మాదిరే ఉండారు. ఆ గరాటులో పిట్టగూడు తీసేయండి. సాలు."

ఆమె ఏమందని ఢిల్లీ ఆవిడ అడిగింది. సోమశేఖర్ తడుముకోకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. విజ్ఞానం తమకొక గూడులా, ఆశ్రయంలా ఉండాలని ఆ తల్లి కోరుతోందన్నాడు. ఢిల్లీ ఆవిడ చలించిపోయి నోట్‌బుక్కులో రాసుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. తన మాటకు ఎందుకు చప్పట్లు కొడుతున్నారో తెలియక ఉరుకుందమ్మ జీవిత వైపు చూసింది.

జీవిత లేచింది.

"అది పోలిక కాదు సార్. పిచ్చుక గూడు" అంది. అదే మాట ఇంగ్లీషులో మళ్ళీ చెప్పి, ఫోన్లో ఫొటో తెరిచి ఢిల్లీ ఆవిడ చేతికిచ్చింది. చెడిపోయిన మూడు కేంద్రాల సంగతి రెండు నిమిషాల్లో చెప్పింది. ఆవిడ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. సోమశేఖర్ భోజన విరామం ప్రకటించాడు.

ఆవిడ ఫొటోను తనకు పంపమని అడిగింది కూడా. జీవిత చాలా ఆశపడింది. మూడు నెలలకు నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద ఆ ఫొటోయే ఉంది, రంగుల్లో, చాలా అందంగా. కింద "ప్రకృతి, విజ్ఞానం: సహజీవనం" అని రాశారు. రథానికి ఆమోదం దొరికింది. జీవితకు రెండో ఏడు పొడిగింపు రాలేదు. ఆమె పరిశోధన పరిధి దాటిందని ఉత్తరంలో ఉంది. ఎర్రబురుజుపల్లె వర్షమాపకాన్ని మరమ్మతుకని ఎవరో ఊడదీసి తీసుకుపోయారు. స్తంభం కూడా మిగల్లేదు. వెబ్‌సైటులో ఆ ఊరి లెక్క మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

జీవిత కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే పనికి కుదిరింది. మొదటి సెలవు రోజున గీతలున్న ఒక మామూలు గాజు వర్షమాపకం కొని తీసుకుపోయి, ఉరుకుందమ్మ చేనులో పాతిన రాతి కూసం మీద బిగించింది. ముసలామెకు అక్షరాలు రావు. గీతలు లెక్కపెట్టడం వచ్చు. వాన పడితే ఎన్ని గీతలో ఫోన్ చేసి చెప్పమంది జీవిత. పొలానికి పోయి మొక్కలు చూసుకున్నట్టే రోజూ దాన్నీ చూసుకునేది.

జూన్ మూడో వారంలో ఒక పొద్దున క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. జీవిత వరండాలోకి వచ్చింది.

"పాపా, పన్నెండు గీతలు" అంది ఉరుకుందమ్మ. "మద్దయ్య ఇంకో నాలుగు కలిపి చెప్పమంటాండాడు, ఊరికి మంచిదంట. నేను కలపలే."

"విత్తనం వేస్తావా అవ్వా?"

"పదును జానెడు కూడా దిగలే. ఇంకో వాన సూడాల" అని, ఎద్దులు దారి తప్పుతున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.