రాస్ప్‌బెర్రీ తలల లెక్క

మా పెద్దాడపడుచు మొక్కల శాస్త్రవేత్త. మనుషుల్ని ఒక్క చూపులో తేల్చేస్తుంది గానీ, మొక్క ముందు మాత్రం మోకాళ్ల మీద కూర్చుంటుంది. సహాయకురాలికి జ్వరం వచ్చిన రోజు, "డిగ్రీ చదివావుగా, కనీసం టేపు పట్టుకో మరదలా" అంటూ నన్ను కొండకి లాక్కుపోయింది.

ఆ వాలు మీద తప్ప మరెక్కడా కనబడని అడవి రాస్ప్‌బెర్రీ అది. ఆకు అడుగున వెండి నూగు, కాడ నిండా ముళ్లు. పండు లాగితే లోపల గుల్ల. వేలికి టోపీలా సరిపోతుంది. ఆ వాలు మీదుగా రోడ్డు వేస్తామంటున్నారు. పోయినేడు వదిన అరవై రెండు మొక్కలని రాయడంతో అంతరించిపోయే మొక్కల జాబితాలో "అరుదు" దగ్గరే ఆపేశారు. "అత్యంత ప్రమాదంలో" అంటేనే రోడ్డు పక్కకి జరుగుతుంది. చివరి నివేదిక సాయంత్రానికివ్వాలి.

నా చేతులు ఊరుకోవు. కాడ చుట్టూ గడ్డి పీకబోతే దాని వేరు చేతికి చిక్కింది. కాస్త కదిపాను. మూడడుగుల అవతల ఇంకో కాడ తలూపింది.

"పీకకే తల్లీ!" అని అరిచింది వదిన.

"పీకలేదు వదినా. ఇవి వేర్వేరు మొక్కలు కావు. పెరట్లో పుదీనాలాగా ఒకదాని పిలకలే."

ఆవిడ మొహం పాలిపోయింది. "పిలకలకి నంబర్లు వేశానా నేను!"

"ఇప్పుడు మారిస్తే రోడ్డు ఆపడానికి కథ అల్లావంటారు."

"అననీ. బ్రష్షివ్వు."

మధ్యాహ్నమంతా చిక్కు జుట్టు విడదీసినట్టు మట్టి తోసింది. ఒక్క వేరూ తెంపలేదు. చూసిందల్లా పటం గీసి, మళ్లీ కప్పెట్టింది. తేలినవి నాలుగు.

సాయంత్రం జాబితా కమిటీ అధ్యక్షుడు నివేదిక చూసి నవ్వాడు. "అరవై రెండు నాలుగయ్యాయా మేడమ్? మిగతావి మేకలు మేశాయా, మీరు మేశారా?"

"మింగింది నా తొందరండీ. పోయినేడు నా లెక్క తప్పు. మొదటి వాక్యంలోనే రాశాను. అనుమానముంటే రండి, వేళ్లు చూపిస్తా. బూట్లు మాత్రం కిందే వదిలి రావాలి."

ఆయన నవ్వాపి, వేళ్ల పటం ఒక్కో గీతా వేలితో తడిమి చూశాడు. "అరుదు" కొట్టేసి, "అత్యంత ప్రమాదంలో" అని రాశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ మొదటి వాక్యం తీసేయమంటారా? పేరున్నవారు."

"ఉండనివ్వండి. రేపు లెక్కపెట్టేవాళ్లు ముందు వేళ్లు చూస్తారు."