జ్యోతి చేతిలో ఇనుము

పొద్దున్నే రూఫస్ బెల్లం మార్కెట్టుకి మూటలు మొయ్యడానికి వెళ్లాక, వాళ్లమ్మ రూతమ్మ కోడలు కృపాజ్యోతికి గంజి పోసి, మాత్ర మింగించేది. జ్యోతికి ఫిట్సు. వచ్చినప్పుడల్లా అత్త బొడ్లోంచి తాళాల గుత్తి తీసి చేతిలో పెట్టేది. ఎవరింట్లోనైనా చేసేదే అది. కాకపోతే జ్యోతి చేతిలో ఇనుము బెల్లంపాకంలా మెత్తబడి, కాసేపటికి మళ్లీ గట్టిపడేది. తాళాలు పాడవుతున్నాయని రూతమ్మ విసుక్కునేది. పక్కింటి పైడితల్లికి మాత్రం అదో సదుపాయం.

"పిన్నీ, ఈపాలి మా అట్లకాడ ఎట్టు. వంకరపోయింది, సాపు సేసుకుంటాను."

చెరుకు గానుగలాడే రోజుల్లో ఒకనాడు ఫిట్సు వరసపెట్టి వచ్చాయి. తర్వాత రెండ్రోజులు జ్యోతి బాగానే ఉంది. ఆపైన ఎవరో మాట్లాడుతున్నారంది, గంజిలో మందు పెట్టారంది, హైవే మీద లారీలకి ఎదురెళ్లింది.

ఫిట్సుకి డాక్టరు, దెయ్యానికి ప్రార్థన. ఇది దెయ్యమేనని ఆ వీధిలో ఎవరికీ అనుమానం లేదు. మాకవరపాలెం నుంచి వచ్చిన ప్రార్థనాయన, "మాత్రలు ఆపీండి. ఆదోరం మా ప్రార్థన కూటానికి తెచ్చి కట్టీండి. ఎన్నాళ్లుండాలో దేవుడికే ఎరుక," అన్నాడు.

అందాకా రూఫస్ ఆవు గొలుసు తెచ్చి పెళ్లాం కాలికి వేసి, కిటికీ ఊచకి కట్టాడు. కడుతూ ఏడ్చాడు. ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడే. జ్యోతి రోజంతా ఆ గోడతో గొణిగేది.

శనివారం గంజి తెచ్చిన రూతమ్మ, అడ్డొచ్చిందని జ్యోతి గుప్పిట్లో ఉన్న గొలుసు పక్కకి లాగబోయింది. వేళ్లు ఇనుములోకి దిగిపోయాయి.

పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి. ఫిట్సు లేదు. గోడకేదో జవాబు చెబుతోంది. రూతమ్మ గంజి గిన్నె కింద పెట్టి కొడుకుని కేకేసింది.

"ఒరే రూఫసూ! ఇది దెయ్యం కాదురా. ఆ జబ్బే."

"ఫిట్సు రాలేదు కదే అమ్మా?"

"నీకు తెలీకపోతే పోనీ, ఇనుముకి తెలీదేట్రా?"

గట్టిపడకముందే రూఫస్ గొలుసుని చలిమిడి ముద్దలా తెంపేశాడు.

ఆదివారం వాళ్లు కూటానికి పోకుండా, మర్నాడు విశాఖపట్నం బస్సు దగ్గరికి వెళ్లారు. జ్యోతి మెట్టు మీద ఆగిపోయింది.

"ఎక్కొద్దంటన్నారత్తా."

"ఎవులే?"

"ఆళ్లే."

ఇన్నాళ్లూ "ఎవులూ లేరు, నోర్ముయ్" అని కసిరిన రూతమ్మ, సీట్లో పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఆళ్లనీ రమ్మను. ఫిట్సు గురించి సెప్పినట్టే, ఆళ్ల గురించీ డాక్టరుబాబుకి సెప్పుదాం."