దుబాసమ్మ ‘నేను’

అద్దం ముందు ముడి వేసుకుంటూ దుబాసమ్మ తనకే తెలియకుండా పెదాలు కదుపుతోంది. ముప్పయ్యేళ్ల అలవాటు. మాట చెవిన పడీ పడకముందే రెండో భాషలోకి దింపేయాలి. రెండు దేశాల కంపెనీలు పోట్లాడుకుని, నీ కోర్టు నాకొద్దు, నా కోర్టు నీకొద్దు అని ముగ్గురు మధ్యవర్తుల్ని పెట్టుకుంటే, అక్కడ అటు మాట ఇటు మోసేది ఈవిడే. ఆ ముగ్గురి తీర్పుకి అప్పీలు లేదు. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఇన్నేళ్లలో ఒక్క మాట తప్పు పోలేదని పేరు.

"నానమ్మా, సాయంత్రం పార్కుకి తీసుకెళ్తావా?" మనవరాలు కొంగు పట్టుకుంది.

"సరే, చూద్దాంలే."

"పో! చూద్దామంటే తీసుకెళ్లవనేగా!"

దుబాసమ్మ చేతిలో పిన్ను జారిపోయింది. అయ్యో, నిన్న! తాళాల కంపెనీ పెద్దాయన సాక్ష్యం చెబుతూ, "మా తాళాలన్నీ ఇక తమకే అమ్మాలని అవతలి కంపెనీవాళ్లడిగారు. ఫోన్లో సరే చూద్దామన్నాను" అన్నాడు. ఈవిడ దాన్ని ‘సరే, అలాగే’ అని దింపేసింది. ఆ ఒక్క ముక్కతో ఆయన ఒప్పుకున్నట్టే అయిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆయన లాయరు కూడా పరాయి భాషవాడే. ఆ గదిలో రెండు భాషలూ వచ్చింది తనొక్కతికే.

బస్సు కిటికీలోంచి చూస్తే ఊరంతా నీళ్లడుగున ఉన్నట్టు మెల్లగా కదులుతోంది. ఎన్ని ‘నేను’లు పలికింది తను! దుబాసీ ఎవరి మాటైనా ‘నేను’ అనే చెప్పాలి. ఓడ కెప్టెన్ని నేను. మోసపోయింది నేను, మోసం చేసిందీ నేనే. నిండు చూలాలిగా ఉన్నప్పుడు కూడా, ఓ మీసాల ఇంజనీరు తరఫున ‘నేను తగ్గను’ అని గర్జించింది. తన సొంత ‘నేను’ ఎక్కడ పెట్టి మరిచిపోయిందో ఏమో.

విచారణ మొదలైంది. దుబాసీ కూర్చునే అద్దాల గదిలోంచి మైకు నొక్కి, మధ్యవర్తుల భాషలో "నేను తప్పు చేశాను" అంది.

విచారణ హాల్లో అందరూ పెద్దాయన వైపు తిరిగారు. ఎదుటి లాయరు మొహం చేటంతయింది.

"ఏంటమ్మా, అందరూ నన్నే చూస్తున్నారు? నేనేమీ అనలేదే!" పెద్దాయన బెదిరిపోయాడు.

ఆవిడకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఈ నేను ఆయన కాదండీ. నేనే, దుబాసీని" అంది మధ్యవర్తులతో. "మా భాషలో చూద్దామంటే ఒప్పుకున్నట్టు కాదు. కాదనలేక మొహమాటానికి అంటాం. మా మనవరాలికి ఆరేళ్లు, దానికే తెలుసు."

మధ్యవర్తుల్లో నడుమ కూర్చున్నావిడ నిన్నటి కాగితాలు ముందుకు లాక్కుంది. రికార్డు దిద్దమంది. ఎదుటి లాయరు ఊరుకుంటాడా? ఈ దుబాసీ మాకొద్దని పట్టుబట్టాడు. మధ్యాహ్నానికల్లా వేరొకాయన వచ్చాడు. ముప్పయ్యేళ్ల పేరు మూడు నిమిషాల్లో పోయింది. బాధ లేదని ఎలా అంటుంది? కానీ ఆవిడ వెళ్తుంటే పెద్దాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

బయట ఇంకా ఎండ ఉంది. ఇంటికి ఫోన్ చేసింది.

"తయారవ్వవే, పార్కుకి."

"మళ్లీ చూద్దామంటావా?"

"అనను. నేనొస్తున్నా."

కొత్తాయన తన హెడ్‌ఫోన్లు తనే తెచ్చుకున్నాడు. అద్దాల గదిలో, బల్ల మీద ఉండిపోయిన ఆవిడ పాత హెడ్‌ఫోన్లలోంచి ఎవరిదో సన్నటి గొంతు, నేను, నేను, అంటూనే ఉంది.